రోజూ నొప్పి, రోజూ బిళ్ళ: ఒళ్ళొంచి పని చేసేవాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతులు



ఈ వారం ఎపిసోడ్ నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి, భుజం నొప్పి గురించి. ఆడియోలో మందుల పేర్లు, తేదీలు, ఫోన్ నంబర్లు గబగబా వెళ్ళిపోయాయి. పనిలో ఉండి చెవిలో పెట్టుకుని వినేవాళ్ళు రాసుకోలేరు కదా. అందుకే అన్నీ ఇక్కడ ఒకచోట, నిదానంగా రాస్తున్నాను. మీకు తెలిసినవాళ్ళకి పంపండి. ఇంట్లో వాళ్ళకి కూడా పంపండి, ఎందుకంటే చాలామందికి బిళ్ళలు ఊరి నుంచి పార్సిల్ చేసేది వాళ్ళే.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. మాది శ్రీకాకుళం జిల్లా. ఐటీఐ చదివి, గల్ఫ్‌లో కొన్నేళ్ళు చేసి, ఇప్పుడు సిడ్నీలో స్కోఫీల్డ్స్ వైపు కట్టే ఇళ్ళ సైట్లలో సూపర్‌వైజర్‌గా ఉన్నాను. ఇక్కడ రాసేది మీ డాక్టర్ మాటకి బదులు కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఏం అడగాలో, ఏం దాచకూడదో తెలియడానికి మాత్రమే.

సైట్‌లో పొద్దున్న ఆరున్నరకి టీ బ్రేక్ గది దగ్గర నిలబడితే కనబడుతుంది. ఒకాయన నీళ్ళ సీసా తీసి రెండు బిళ్ళలు మింగి బూట్ల లేసులు కట్టుకుంటాడు. నొప్పి ఇంకా మొదలు కాలేదు, వస్తుందని ముందే వేసుకుంటాడు. ఈ నెల ఇంటికి డబ్బు పంపాలి, సెలవు పెడితే జీతం కట్. ఆ లెక్క నాకు తెలుసు. కానీ ఆ బిళ్ళ నొప్పిని కప్పేసి, మామూలు రోజున ఎత్తని బరువు ఎత్తిస్తుంది. సాయంత్రానికి నొప్పి రెండింతలు, మర్నాడు మూడు బిళ్ళలు. ఈ ఎపిసోడ్ మొత్తంలో ఒక్క మాట గుర్తుంచుకోండి: బిళ్ళ వేసుకునేది బరువు ఎత్తడానికి కాదు, ఒళ్ళు కదపడానికి.

మూడు నెలలు దాటిన నొప్పి వేరు

కొత్తగా దెబ్బ తగిలితే వచ్చే నొప్పి ఒక హెచ్చరిక. కండరం పట్టేసింది, బెణికింది, జాగ్రత్త అని చెప్తుంది. చాలామందికి అది కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. మూడు నెలలు దాటినా పోకుండా ఉంటే, లేదా తగ్గుతూ మళ్ళీ మళ్ళీ వస్తుంటే, దాన్ని డాక్టర్లు దీర్ఘకాలిక నొప్పి అంటారు.

తేడా ఏంటో మన పని భాషలో చెప్తాను. సైట్ బోర్డులో సేఫ్టీ స్విచ్ ఉంటుంది కదా, 30 మిల్లీఆంప్స్ లీకేజీ ఉంటే పడిపోతుంది. అది పాడై, ఏ లీకేజీ లేకపోయినా, కొంచెం తేమ తగిలినా పడిపోతుంటే ఎలా ఉంటుంది? వైరింగ్ బాగానే ఉంది, స్విచ్ మాత్రం అతిగా స్పందిస్తోంది. దీర్ఘకాలిక నొప్పిలో చాలాసార్లు నరాలు, మెదడు అలా తయారవుతాయి. మొదటి దెబ్బ మానిపోయినా అలారం మోగుతూనే ఉంటుంది. నిద్ర లేకపోతే, దిగులుగా ఉంటే, ఇంటి నుంచి అప్పులవాళ్ళ ఫోన్ వస్తే ఇంకా గట్టిగా మోగుతుంది.

అంటే నొప్పి అబద్ధం అని కాదు. నూటికి నూరు శాతం నిజం. కానీ నొప్పి ఎక్కువైన ప్రతిసారీ నడుములో ఏదో కొత్తగా తెగిపోయిందని అర్థం కాదు. అందుకే డాక్టర్ వెంటనే ఎమ్మారై రాయకపోతే మనల్ని పట్టించుకోలేదని అనుకోవద్దు. ఆస్ట్రేలియాలో 2022 సెప్టెంబరులో నడుం నొప్పి వైద్యానికి ఒక జాతీయ ప్రమాణం పెట్టారు. ప్రమాద లక్షణాలు లేకపోతే స్కానింగ్ అవసరం లేదనీ, మనిషిని కదులుతూ ఉండమని చెప్పాలనీ అందులో ఉంది. నొప్పే లేనివాళ్ళకి స్కాన్ తీసినా డిస్కు అరుగుదల కనబడుతుంది. వయసుతో జుట్టు నెరిసినట్టే అది కూడా.

మన సంచీలో ఉండే బిళ్ళలు

పారాసెటమాల్. ఇక్కడ పెనడాల్, మన దగ్గర డోలో, క్రోసిన్. పెద్దవాళ్ళకి 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు, అంటే 500 మిల్లీగ్రాముల బిళ్ళలు ఎనిమిది. డోలో 650 అయితే ఆరు. మనిషి బాగా సన్నగా ఉన్నా, రోజూ మందు తాగే అలవాటు ఉన్నా, కాలేయం బాగోకపోయినా ఇంకా తక్కువే, అది డాక్టర్ని అడగాలి. ఎక్కువైతే దెబ్బ తినేది కాలేయం, పైగా మొదటి రోజు ఏమీ తెలియదు.

అసలు ఇబ్బంది ఇక్కడుంది. ఊరి నుంచి తెచ్చుకున్న నొప్పి బిళ్ళల్లో చాలావాటిలో పారాసెటమాల్ కలిపే ఉంటుంది. కాంబిఫ్లామ్‌లో ఐబూప్రోఫెన్‌తో పాటు పారాసెటమాల్ 325 మిల్లీగ్రాములు ఉంటుంది. జీరోడాల్-పీలో ఎసిక్లోఫెనాక్‌తో పాటు ఉంటుంది. అల్ట్రాసెట్‌లో ట్రామడాల్‌తో పాటు ఉంటుంది. ఇవి వేసుకుని, తగ్గలేదని పైన రెండు పెనడాల్ వేసుకుంటే లెక్క తప్పిపోతుంది. అట్ట మీద కంపెనీ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, మందు పేరు కింద చిన్నక్షరాల్లో ఉంటుంది. చదవాల్సింది ఆ చిన్నక్షరాలు.

2025 ఫిబ్రవరి 1 నుంచి ఇక్కడ సూపర్‌మార్కెట్లో పెనడాల్ ప్యాకెట్‌లో 20 బదులు 16 బిళ్ళలే వస్తున్నాయి. చాలామంది ఇదేం పిసినారితనం అన్నారు. అది కాదు, ఎక్కువ మోతాదు వల్ల కాలేయాలు పాడవుతున్నాయని తగ్గించారు.

వాపు తగ్గించే బిళ్ళలు. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రాక్సెన్, ఎసిక్లోఫెనాక్ అన్నీ ఒకే కుటుంబం. నూరోఫెన్, వోల్టరెన్, మన వోవెరాన్ ఇవే. పని చేస్తాయి, అందులో అనుమానం లేదు. కానీ ఇవి కొద్ది రోజుల మందులు, తక్కువ మోతాదులో, అన్నం తిన్నాక వేసుకోవాలి. రెండు రకాలు కలిపి వేసుకోకూడదు. నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు, రక్తస్రావం, బీపీ పెరగడం, గుండె ఇబ్బంది, కిడ్నీ దెబ్బ తినడం, ఇవన్నీ రావచ్చు.

"గ్యాస్ బిళ్ళ కూడా వేసుకుంటున్నా కదా, ఏం కాదు" అనే మాట నేను వందసార్లు విన్నాను. పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ బిళ్ళ కడుపుని కాపాడుతుంది. కిడ్నీని కాపాడదు, గుండెని కాపాడదు.

కిడ్నీ గురించి రెండు నిమిషాలు ఆగి చదవండి. బీపీకి మన వాళ్ళు ఎక్కువగా వాడేది టెల్మిసార్టాన్. టెల్మా-హెచ్ అయితే దాంతో పాటు ఒంట్లో నీరు తీసే మందు కూడా కలిసి ఉంటుంది. ఈ రెండూ వాడుతున్న మనిషి పైన వోవెరానో, నూరోఫెనో వేసుకుంటే మూడూ కలిసి కిడ్నీకి రక్తం అందడాన్ని తగ్గించేస్తాయి. దానికి ఎండ తోడైతే చెప్పక్కర్లేదు. మా పశ్చిమ సిడ్నీలో 2020 జనవరి 4న పెన్రిత్‌లో 48.9 డిగ్రీలు నమోదైంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఎండ గురించి నేను చెప్పే పనే లేదు. చెమట పోయి, నీళ్ళు తాగక, బీపీ మందు మీద నొప్పి బిళ్ళ వేసుకుంటే కొద్ది రోజుల్లోనే కిడ్నీ మొరాయించవచ్చు. షుగర్ ఉన్నవాళ్ళకి ఇంకా ప్రమాదం.

ఇది మా జిల్లా వాళ్ళకి మరీ మరీ చెప్పాలి. ఉద్దానం ప్రాంతం, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళలో ఉందో మీకు తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో దానికోసమే 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఆ జబ్బుకి అసలు కారణం మీద శాస్త్రవేత్తలు ఇంకా ఒక మాట మీదకి రాలేదు. కానీ కిడ్నీ బలహీనంగా ఉన్న మనిషికి ఈ బిళ్ళలు చేటు అన్నదాంట్లో ఎవరికీ రెండో మాట లేదు. ఉద్దానం నుంచి వచ్చిన తమ్ముళ్ళు డాక్టర్ని కలిసిన మొదటి రోజే "మా ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎక్కువ, మా ఇంట్లో ఉంది" అని చెప్పండి. సీరం క్రియాటినిన్ రక్తపరీక్ష, యూరిన్ పరీక్ష అడగండి.

నిమెసులైడ్. మన దగ్గర నైస్ పేరుతో ఇంటింటా దొరికేది. కాలేయం దెబ్బ తింటోందని 2002లో ఫిన్లండ్, స్పెయిన్, 2007లో ఐర్లండ్ దీన్ని మార్కెట్ నుంచి తీసేశాయి. ఆస్ట్రేలియాలో అమ్మరు. సంచీలో ఉంటే ఇక్కడి ఫార్మసీలో ఇచ్చేయండి, పాత మందులు డబ్బు తీసుకోకుండా వెనక్కి తీసుకుంటారు.

బామ్‌లు, జెల్‌లు. ఒకచోట నొప్పికి, ముఖ్యంగా మోకాలికి, డైక్లోఫెనాక్ జెల్ మంచి దారి, ఒంట్లోకి వెళ్ళేది చాలా తక్కువ. అయినా అదే మందు బిళ్ళగా కూడా వేసుకుంటుంటే డాక్టర్‌కి చెప్పాలి. అమృతాంజన్ లాంటి బామ్ రాసుకుంటే హాయిగా ఉంటుంది, తప్పులేదు. బామ్ రాసిన చోట వేడి నీళ్ళ సంచీ మాత్రం పెట్టకండి, చర్మం కాలుతుంది.

నాటు పొడులు. "కీళ్ళ నొప్పులకి వారంలో తగ్గుతుంది" అని పేరు లేని పొట్లాల్లో వచ్చే పొడులతో జాగ్రత్త. ఇలాంటి వాటిలో కొన్నిటిలో సీసం, కొన్నిటిలో చెప్పకుండా కలిపిన స్టెరాయిడ్ దొరికిన సందర్భాలు ఉన్నాయి. నెలల తరబడి వాడి ఉంటే ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే, పొట్లం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

బలమైన మందులు: ట్రామడాల్, కోడీన్, ప్రెగాబలిన్

ట్రామడాల్, కోడీన్, ఆక్సీకోడోన్ నల్లమందు జాతి మందులు. ఆపరేషన్ తర్వాత, ఎముక విరిగినప్పుడు, క్యాన్సర్ నొప్పికి వీటికి చోటు ఉంది. రోజువారీ నడుం నొప్పికి వీటి లాభం తక్కువ, నష్టం ఎక్కువ.

ఇది నా మాట కాదు. మా సిడ్నీలోనే పరీక్షించి చూశారు. సిడ్నీ యూనివర్సిటీ వాళ్ళు నడుం లేదా మెడ నొప్పి వచ్చి 12 వారాలు దాటని 347 మందిని తీసుకుని, కొందరికి ఆక్సీకోడోన్ ఉన్న మందు, కొందరికి ఏ మందూ లేని ఉత్తి బిళ్ళ ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్ళకి తెలియదు. ఆరు వారాల తర్వాత నొప్పిలో తేడా లేదు. 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కొత్త నొప్పికే అంత పని చేస్తే, ఏళ్ళ నాటి నొప్పికి దాన్ని నమ్ముకోవడం ఏమిటి?

వీటితో మూడు చిక్కులు. ఒకటి, ఒళ్ళు అలవాటు పడిపోయి అదే మోతాదు చాలదు. రెండు, మందు లేదా నిద్రమాత్రలతో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం పోవచ్చు. శనివారం రాత్రి నాలుగు బీర్ల మీద ట్రామడాల్ వేసుకుని పడుకోవడం అంటే ఇదే. మూడు, మగత. స్కాఫోల్డింగ్ మీద, ఎక్స్‌కవేటర్ సీట్లో, పొద్దున్న ఎమ్7 మీద డ్రైవింగ్‌లో మగత అంటే మీ ప్రాణమే కాదు, పక్కవాడి ప్రాణం కూడా.

ఇప్పటికే నెలల నుంచి వాడుతున్నవాళ్ళు ఇది చదివి రేపటి నుంచి మానేయొద్దు. ఒక్కసారిగా ఆపితే చెమటలు, వణుకు, వాంతులు, నిద్ర లేకపోవడం, నొప్పి విపరీతంగా పెరగడం ఉంటాయి. పోసిన స్లాబు కింద సెంట్రింగ్ ఎలా విప్పుతాం? ఒక్కరోజే అన్ని ప్రాప్‌లూ లాగేయం కదా. ఇదీ అంతే, డాక్టర్ చెప్పిన లెక్కలో కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రావాలి. అలవాటు పడిపోవడం మీ గుణం కాదు, ఆ మందు గుణం. సిగ్గుపడాల్సింది లేదు. వాడుతున్నన్నాళ్ళు ఇంట్లో నలాక్సోన్ ముక్కు స్ప్రే పెట్టుకోండి, ఊపిరి ఆగిపోయేలా ఉన్నప్పుడు అది కాపాడుతుంది. 2022 జులై నుంచి ఆస్ట్రేలియాలో ఈ పథకంలో ఉన్న ఫార్మసీల్లో ప్రిస్క్రిప్షన్ లేకుండా, డబ్బు లేకుండా ఇస్తున్నారు. రూమ్మేట్‌కి ఎలా వాడాలో చూపించండి.

ప్రెగాబలిన్ నరాల నొప్పి మందు. షుగర్ వల్ల పాదాల మంటలకి, సర్పి తర్వాత నొప్పికి పని చేస్తుంది. నడుము నుంచి కాలికి లాగే సయాటికాకి కూడా తెగ రాస్తారు. దాన్ని కూడా సిడ్నీలోనే 209 మంది మీద చూశారు, 2017లో ఫలితం వచ్చింది: కాలి నొప్పి ఉత్తి బిళ్ళ కంటే ఎక్కువ తగ్గలేదు, తల తిరగడం మాత్రం ఎక్కువ. మీకు రాస్తే "ఇది దేనికి, ఎన్నాళ్ళు, పని చేయకపోతే ఎప్పుడు ఆపాలి" అని అడగండి. ఈ మూడు ప్రశ్నలు ఏ మందుకైనా అడగవచ్చు.

ఇంకో సంగతి. 2018 ఫిబ్రవరి 1 నుంచి ఆస్ట్రేలియాలో కోడీన్ ప్రిస్క్రిప్షన్ లేకుండా ఇవ్వరు. న్యూ సౌత్ వేల్స్‌లో సేఫ్‌స్క్రిప్ట్ అనే కంప్యూటర్ వ్యవస్థ ఉంది. ఇలాంటి మందులు ఏ డాక్టర్ రాశారో, ఏ ఫార్మసీ ఇచ్చిందో అందులో కనబడుతుంది. అది మనల్ని పట్టుకోవడానికి కాదు, ఇద్దరు డాక్టర్లు తెలియక ఒకే మందు రాసి మనిషి పోకుండా. మీరు మాత్రం ఒకే జీపీ, ఒకే ఫార్మసీ పెట్టుకోండి.

సైట్‌లో డ్రగ్ టెస్టు ఉంటే కోడీన్ వేసుకున్నవాళ్ళకి పాజిటివ్ రావచ్చు. టెస్టుకి ముందే ప్రిస్క్రిప్షన్ చూపించండి. సూపర్‌వైజర్‌గా చెప్తున్నా, ముందు చెప్పినవాడికి కింద పని ఇస్తాం. టెస్టు తర్వాత చెప్తే మా చేతుల్లో ఉండదు.

ఊరి నుంచి మందులు తెచ్చుకునేటప్పుడు

ఆస్ట్రేలియాకి వచ్చేటప్పుడు మీకోసం, లేదా మీతో ప్రయాణం చేసే మీ కుటుంబ సభ్యుల కోసం మూడు నెలలకి సరిపడా మందులు తెచ్చుకోవచ్చు. అసలు అట్టల్లోనే ఉండాలి. ఇంగ్లీషులో డాక్టర్ చీటీ ఉండాలి. విమానంలో ఇచ్చే కార్డులో మందులు ఉన్నాయని టిక్ పెట్టాలి. "మా బావకి ఇవ్వమన్నారు" అని పక్కింటివాళ్ళ పొట్లం తేకూడదు. ట్రామడాల్ లాంటివి పోస్టులో తెప్పించుకోకూడదు.

గల్ఫ్ వైపు ఇంకా కఠినం. యూఏఈలో ట్రామడాల్, కోడీన్, ప్రెగాబలిన్ నియంత్రణలో ఉన్న మందులు, వెళ్ళే ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. 2017లో ఒక బ్రిటిష్ మహిళ ఈజిప్టులో ఉన్న తన మనిషి నడుం నొప్పికని 290 ట్రామడాల్ బిళ్ళలు తీసుకెళ్ళింది. ఎయిర్‌పోర్టులో పట్టుకుని మూడేళ్ళ జైలు శిక్ష వేశారు. నడుం నొప్పికే అని చెప్పినా వదల్లేదు. మన దేశంలోనూ 2018 నుంచి ట్రామడాల్ మత్తుమందుల చట్టం కిందకి వచ్చింది. ఎవరి సంచీలోనైనా తెలియని అట్ట ఉంటే మోయకండి.

మందు కాని వైద్యం

ఇది చదవకుండా దాటేయొద్దు, అసలు బాగుపడేది ఇక్కడే.

నడక. మాక్వారీ యూనివర్సిటీ వాళ్ళు అప్పుడే నడుం నొప్పి తగ్గిన 701 మంది మీద చేసిన పరిశోధన 2024లో వచ్చింది. ఒక గుంపుకి ఫిజియో సలహాతో మెల్లగా పెంచుకునే నడక ఇచ్చారు, వారానికి ఐదుసార్లు అరగంట లక్ష్యంగా. ఇంకో గుంపుకి ఏమీ ఇవ్వలేదు. నడవనివాళ్ళకి నొప్పి మళ్ళీ రావడానికి మధ్యస్థంగా 112 రోజులు పట్టింది. నడిచినవాళ్ళకి 208 రోజులు. ఖర్చు లేదు, మందు లేదు.

"రోజంతా సైట్‌లో నడుస్తూనే ఉన్నాం కదా" అంటారు. అది బరువుతో, వంగి, పరుగు మీద నడక. ఇది చేతులు ఊపుకుంటూ, ఊపిరి సాఫీగా నడిచే నడక. ఒంటికి తేడా తెలుస్తుంది. స్కోఫీల్డ్స్‌లో ఉన్నవాళ్ళకి ది పాండ్స్ చెరువుల పక్కన చదునైన దారి ఉంది. పది నిమిషాలతో మొదలుపెట్టండి.

పనిని ముక్కలు చేయడం. నొప్పి తక్కువున్న రోజు వారం పని ఒక్కరోజులో చేసి, తర్వాత మూడు రోజులు మంచం మీద ఉండటం మనందరి అలవాటు. దాని బదులు చెడ్డ రోజున కూడా ఎంత చేయగలరో చూసి, రోజూ అంతే చేయండి. వారం వారం కొంచెం పెంచండి. టైల్స్ వేసేవాళ్ళు ఇరవై నిమిషాలు మోకాళ్ళ మీద ఉంటే రెండు నిమిషాలు లేచి నిలబడండి. సిమెంటు బస్తా 20 కిలోలే అని ఒకేసారి రెండు ఎత్తొద్దు, ట్రాలీ అడగండి.

ఫిజియో. కరెంటు పెట్టి, మసాజ్ చేసి పంపేస్తే ఆ పూట హాయిగా ఉంటుంది. మంచి ఫిజియో మీతో వ్యాయామం చేయించి, ఇంటికి పని ఇచ్చి పంపుతారు. మెడికేర్ ఉన్నవాళ్ళకి జీపీ దీర్ఘకాలిక జబ్బు ప్లాన్ రాస్తే ఏడాదికి ఐదు విజిట్లకి మెడికేర్ కొంత కడుతుంది.

నిద్ర, మనసు. నిద్ర లేని రాత్రి తర్వాత నొప్పి ఎక్కువ ఉంటుందని మీకే తెలుసు. రాత్రి రెండింటి దాకా ఫోన్ చూసి పొద్దున్న నాలుగున్నరకి లేస్తే ఏ మందూ చాలదు. డాక్టర్ సైకాలజిస్టు పేరు ఎత్తితే "నాకు పిచ్చి అనుకుంటున్నారా" అని లేచి రావద్దు. అతిగా మోగే అలారం శబ్దం తగ్గించడం నేర్పేది వాళ్ళే. ఏం చేసినా తగ్గకపోతే వెస్ట్‌మీడ్, నెపియన్ లాంటి ఆసుపత్రుల్లో నొప్పికే ప్రత్యేక క్లినిక్‌లు ఉన్నాయి, జీపీ లెటర్ కావాలి. చాలా నెలలు ఆగాల్సి వస్తుంది కాబట్టి ముందే అడగండి.

పని వల్ల వచ్చిన నొప్పి అయితే చెప్పాలి

మనవాళ్ళు నొప్పి దాచేది బిళ్ళల మీద ప్రేమతో కాదు, భయంతో. చెప్తే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే వీసా పోతుంది అని. ఆ భయం ఉన్న చోటే బిళ్ళలు పెరుగుతాయి. న్యూ సౌత్ వేల్స్ చట్టం ఏం చెప్తుందో చూడండి.

వర్కర్స్ కాంపెన్సేషన్ వీసా మీద ఉన్న వర్కర్‌కీ వర్తిస్తుంది. దెబ్బ తగిలిన వెంటనే యజమానికి చెప్పాలి, సైట్‌లో గాయాల రిజిస్టర్‌లో రాయించాలి. నోటితో చెప్పి ఊరుకోకుండా ఒక మెసేజ్ కూడా పెట్టండి, తేదీతో సహా ఉంటుంది. మామూలుగా ఆరు నెలల్లోపు క్లెయిమ్ వేయాలి. పడిపోతేనే కాదు, అదే పని ఏళ్ళ తరబడి చేసి అరిగిపోయిన ఒళ్ళు కూడా పని వల్ల వచ్చిన గాయం కింద రావచ్చు. క్లెయిమ్ ఒప్పుకుంటే డాక్టర్, ఫిజియో, మందుల ఖర్చు ఇన్సూరెన్స్ కడుతుంది, పని చేయలేని రోజులకి వారం జీతంలో భాగం ఇస్తుంది. డాక్టర్‌ని మీరే ఎంచుకోవచ్చు. కంపెనీ మనిషి డాక్టర్ గదిలోకి వస్తానంటే వద్దు అనవచ్చు. ఆ గాయం వల్ల పనికి రాలేకపోతున్నాడని మొదటి ఆరు నెలల్లో ఉద్యోగం తీసేయడం ఇక్కడ నేరం.

482 వీసా మీద ఉన్నవాళ్ళకి ఒకవేళ ఉద్యోగం పోయినా, 2024 జులై 1 నుంచి కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి ఒక్కసారికి 180 రోజుల దాకా టైం ఇస్తున్నారు. మెడికేర్ లేనివాళ్ళు పని గాయానికి సొంత డబ్బు పెట్టుకుని తిరగక్కర్లేదు అన్నది కూడా ఇందులోనే ఉంది. ఏబీఎన్ మీద చేసేవాళ్ళ సంగతి కొంచెం మెలిక. కొందరు చట్టం ప్రకారం వర్కర్ కిందకే వస్తారు, కొందరు రారు. మీకు మీరే తేల్చుకోకుండా సిరా ఆఫీసుకి 13 10 50లో ఫోన్ చేయండి. ఇంగ్లీషు ఇబ్బంది అయితే ముందు 131 450కి చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, వాళ్ళే లైన్ కలుపుతారు.

గల్ఫ్‌లో, సింగపూర్‌లో, మలేషియాలో చట్టాలు వేరు. కానీ అక్కడైనా ఇక్కడైనా మొదటి రోజు రాసిన కాగితం ఉన్నవాడి మాటే నిలుస్తుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్ళే ముందు

ఒక కాగితం మీద ఇవి రాసుకెళ్ళండి:

- నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ పనితో పెరుగుతుంది, ఏ పనితో తగ్గుతుంది.
- నొప్పి వల్ల ఏ పని చేయలేకపోతున్నారు. "పదికి ఎనిమిది" అనడం కంటే "పది నిమిషాలు మించి కూర్చోలేకపోతున్నా" అంటే డాక్టర్‌కి బాగా అర్థమవుతుంది.
- వాడే ప్రతి మందు: బీపీ, షుగర్, గ్యాస్, ఊరి బిళ్ళలు, నాటు పొడి, మందు అలవాటు. అట్టల ఫొటోలు ఫోన్‌లో పెట్టుకోండి.
- ఇంట్లో ఎవరికైనా కిడ్నీ, గుండె జబ్బు ఉంటే.
- మీరు చేసే పని ఏంటో. "కన్‌స్ట్రక్షన్" అంటే చాలదు. "రోజుకి ఇన్ని బరువులు, ఇంత ఎత్తున, ఇన్ని గంటలు" అని.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాల్సినవి

నడుం నొప్పితో పాటు ఒంటికి, రెంటికి పట్టు తప్పడం లేదా మూత్రం రాకపోవడం, తొడల మధ్య తిమ్మిరి, కాలు బలం తగ్గిపోవడం. జ్వరంతో నడుం నొప్పి. ఎత్తు నుంచి పడ్డాక నొప్పి. కారణం లేకుండా బరువు తగ్గడం. బిళ్ళలు వాడుతుండగా నల్లటి విరేచనం, రక్తపు వాంతి, మూత్రం బాగా తగ్గిపోవడం, ముఖం కాళ్ళు వాయడం, కళ్ళు పచ్చబడటం. వీటిలో ఏది వచ్చినా షిఫ్ట్ అయ్యేదాకా ఆగొద్దు. ఆస్ట్రేలియాలో అంబులెన్స్‌కి 000. బిళ్ళలు ఎక్కువ వేసుకున్నామని అనుమానం వస్తే, బాగానే ఉన్నట్టున్నా సరే, 13 11 26కి వెంటనే ఫోన్ చేయండి.

మీరు అడిగినవి

*వేడి కాపడమా, ఐసా?* కొత్తగా బెణికి వాచిన చోట మొదటి రెండు రోజులు ఐస్, గుడ్డలో చుట్టి. పాత నడుం నొప్పికి వేడి. ఏది హాయిగా ఉంటే అది, పావుగంట చాలు.

*బెల్టు కట్టుకుంటే?* బరువు పని చేసే కాసేపు ధైర్యంగా ఉంటుందని కొందరు కట్టుకుంటారు. రోజంతా బెల్టు మీద ఆధారపడితే నడుము కండరాలకి పని ఉండదు. బెల్టు ఉందని బరువు పెంచడం మాత్రం అసలు వద్దు.

*మంచం మీద రెస్ట్ తీసుకుంటే తగ్గదా?* నొప్పి విపరీతంగా ఉన్నప్పుడు ఒకటి రెండు రోజులు తగ్గించుకోవచ్చు. అంతకు మించి పడుకుంటే ఒళ్ళు బిగుసుకుపోయి కోలుకోవడం ఆలస్యం అవుతుంది.

ఈ వారం ఒక్క పని చేయండి. ఇంట్లో, సంచీలో, కారు డాష్‌బోర్డులో, సైట్ లాకర్‌లో ఉన్న నొప్పి బిళ్ళలన్నీ బల్ల మీద పోయండి. చిన్నక్షరాల్లో ఉన్న మందు పేర్లు చదివి రాయండి. ఒకే మందు రెండు పేర్లతో ఉందేమో చూడండి. ఆ కాగితం ఫార్మసీలో చూపించండి, అపాయింట్‌మెంట్ అక్కర్లేదు, డబ్బు తీసుకోరు.

వచ్చే ఎపిసోడ్‌లో ఎండలో పని చేసేటప్పుడు నీళ్ళు, ఉప్పు, విరామం లెక్కల గురించి మాట్లాడుకుందాం. ప్రశ్నలుంటే వాయిస్ మెసేజ్ పెట్టండి. పేర్లు చదవం, ఊళ్ళు చదవం. జాగ్రత్తగా ఉండండి.